పెన్సిల్ చుక్క

పోయిన వారం మనం శివమ్మను కంపెనీ బస్సులో, కిటికీ పక్క సీటులో వదిలి వచ్చాం. శనివారం సాయంత్రం. షిఫ్టు అయిపోయి బస్సు శామీర్‌పేట రోడ్డు మీద మేడ్చల్ వైపు వస్తోంది. వెనక సీట్లో ధరణి, పిల్లవాడి బడిలో ఇవ్వడానికని తన నియామక పత్రం బయటికి తీసింది. ధరణి దూలపల్లి కోడలు, ఇద్దరు పిల్లల తల్లి, ఇంటర్ దాకా చదువుకుంది. మూడు నెలలుగా ఎవరూ తిప్పి చూడని రెండో కాగితాన్ని ఆమె ఆ రోజు పైకి చదివింది. ఈ తేదీకి ముందు నాకు ఈ కంపెనీతో ఎటువంటి ఉద్యోగ సంబంధమూ లేదు అని రాసి ఉంది అందులో. కింద జనవరి ఐదు, రెండు వేల ఇరవై ఆరు అని తేదీ. దాని పక్కన ధరణి సంతకం. బస్సులో ఉన్న అందరి ఇళ్ళలోనూ అదే కాగితం ఉంది, ఎవరి సంతకంతో వారిది.

సంగతి తెలియని వారికి నాలుగు మాటలు చెప్పాలి. ఆ కంపెనీలో ఇంజక్షన్ మందు తయారవుతుంది. మందు నింపిన చిన్న గాజు సీసాలను ఒక్కొక్కటిగా దీపం ముందు పట్టి, లోపల నలుసుందా, గాజు పెచ్చుందా, దారప్పోగు ఉందా అని కళ్ళతో చూడడం అరవై రెండు మంది ఆడవాళ్ళ పని. గౌడవెల్లి శివమ్మ ఆ పనిలో చేరి పద్నాలుగేళ్ళు కావస్తోంది. ఈ పద్నాలుగేళ్ళలో కాంట్రాక్టర్లు నలుగురు మారారు. పీఎఫ్ కాగితాల మీద ఉన్నవి ఆ నలుగురి పేర్లే. కంపెనీ పేరుతో ఈ ఆడవాళ్ళ చేతికి ఒక్క కాగితం ముక్క కూడా రాలేదు.

పోయిన నవంబరులో కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి. పనిచేసే ప్రతి మనిషికీ నియామక పత్రం ఇచ్చి తీరాలన్నది అందులో ఒకటి. జనవరిలో కంపెనీ ఆవరణలో షామియానా వేశారు, లడ్డూలు పంచారు. సిబ్బంది సంగతులు చూసే మేనేజరు గోపాలరావుది తెనాలి వైపు. మైకు పట్టుకుని ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఇన్నాళ్ళూ నేరుగా మనుషుల్ని తీసుకోవాలంటే కంపెనీలకు భయంగా ఉండేదనీ, ఇప్పుడు గడువు పెట్టి తీసుకునే వీలు చట్టమే ఇచ్చిందనీ, ఏడాది పని చేసినా గ్రాట్యుటీ వస్తుందనీ చెప్పాడు. ఇటు మీకూ మేలే, అటు మాకూ మేలే అన్నాడు. చివర ఒక మాటన్నాడు. "ఇక మీరు కాంట్రాక్టరు మనుషులు కాదమ్మా. మా మనుషులు." ఆ మాటకు కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

పత్రాలు చదివి వినిపించింది పద్మలత. రావల్కోల్ మనిషి, లైను లీడరు, యూనియన్‌లో ఆడవాళ్ళ తరఫు కార్యదర్శి. అన్నిటికంటే ముందు ఆమె శివమ్మకు జోడీ. ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చుంటారు, ఒకే డబ్బాలో తింటారు.

సీసాలు చూసే పనిలో జోడీకి ఒక పద్ధతి ఉంది. ఒక ట్రేను ఇద్దరు చూడాలి. మొదట చూసిన మనిషి ట్రేతో వచ్చే షీటు కింది మూలన పెన్సిల్‌తో చుక్క పెడుతుంది. నేను చూశాను, మచ్చ లేదు అని ఆ చుక్కకు అర్థం. రెండో మనిషి మళ్ళీ తన కళ్ళతో చూసి సంతకం చేయాలి. పుస్తకంలో రాసుకున్న పద్ధతి ఇది. లైనులో ఏళ్ళ తరబడి నడుస్తున్నది మాత్రం వేరు. చుక్క ఉంటే చాలు, సంతకం పడుతుంది. జోడీ చూసిందంటే తాను చూసినట్టే. అలా కాదని మళ్ళీ చూడబోతే, నా మీద నమ్మకం లేదా అని జోడీ మొహం మాడ్చుకుంటుంది.

జనవరిలో పద్మలత మొదటి కాగితం, ఏడాది గడువుతో ఉద్యోగం ఇస్తున్నామన్నది, మొత్తం చదివింది. రెండోదాన్ని గాలిలో ఊపి, ఇది మామూలు కాగితమేనంది. అరవై ఒక్క మంది ఆడవాళ్ళూ ఆ కాగితం తీసుకుని కింది మూల చూశారు. అరవై ఒక్క కాగితాల మీదా పెన్సిల్ చుక్క ఉంది. అరవై ఒక్క సంతకాలూ పడ్డాయి.

శుక్రవారం నాడు గేటులోకి లారీ అంత చెక్క పెట్టె ఒకటి వచ్చింది. సీసాలను కెమెరాతో తానే చూసుకునే యంత్రమట. శనివారం ధరణి కాగితం చదివింది. ఆ రెండూ కలిపి చూసుకుంటే, వచ్చే జనవరికి గడువు తీరిన అరవై ఒక్క మంది ఎక్కడ ఉంటారో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేకపోయింది. మంగళవారం పదకొండు గంటలకు కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళి అధికారిని కలవాలని బస్సులోనే అనుకున్నారు. జనవరికి ముందు మీరు ఈ కంపెనీలో ఉన్నారని చూపే కాగితం ఏదైనా తెచ్చుకోండి, కంపెనీదై ఉండాలి అని అక్కడి గుమాస్తా ఫోనులో ధరణికి చెప్పాడు. ఆ బస్సులో ఆ రోజు పద్మలత లేదు. మీటింగు ఉందని ఆగిపోయింది.

*

సోమవారం శివమ్మ బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళేసరికి పద్మలత చెప్పులు అప్పటికే అరలో ఉన్నాయి. కొత్తగా ఇచ్చిన ప్లాస్టిక్ కార్డు నలభై రెండో కొక్కేనికి వేలాడుతోంది. ఫొటో బయటికి, వెనక వైపు గోడకు. శివమ్మ కొక్కెం దాని పక్కది, నలభై ఒకటి.

కార్డు వెనక ఏముంటుందో శివమ్మకు తెలుసు. రక్తం గ్రూపు, ఇంటి చిరునామా, చేరిన తేదీ. తన కార్డు వెనక జనవరి ఐదు అని ఉంది. నిన్న ఆదివారమంతా దానిని పది సార్లు చూసుకుంది. పక్కవాళ్ళ కార్డు తిప్పి చూడాలన్న ఆలోచన మూడు నెలల్లో ఎన్నడూ రాలేదు. ఇప్పుడు చెయ్యి దానంతటదే వెళ్ళింది.

పద్మలత కార్డు మీద చేరిన తేదీ జూన్ పదకొండు, రెండు వేల పన్నెండు.

ఆ రోజు శివమ్మకు బాగా గుర్తుంది. మేడ్చల్‌లో ఒకే ఆటో ఎక్కారు. అప్పటికి ఒకరి పేరు ఒకరికి తెలియదు. గేటు దగ్గర వాన మొదలైతే శివమ్మ కొంగు పద్మలత నెత్తి మీద కూడా కప్పింది. సెక్యూరిటీ మనిషి ఇద్దరికీ వరసగా నంబర్లు ఇచ్చాడు. ఆ వానలో ఇద్దరూ కలిసే తడిశారు. ఇప్పుడు ఒక కార్డు మీద ఆ రోజు ఉంది. ఇంకో కార్డు మీద లేదు.

కార్డును మళ్ళీ గోడ వైపు తిప్పి, రోజూ కడిగినట్టే మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. టోపీ, మాస్కు, గౌను వేసుకుంది. కళ్ళు తప్ప ఏమీ కనబడని మనిషై లోపలికి నడిచింది.

*

సీసాలు చూసే చోటు మూడు వైపులా నల్లటి తెర కట్టిన చిన్న గూడు. లోపల ట్యూబులైటు, దాని కింద సగం తెలుపు, సగం నలుపు పలక. సీసాను మెడ దగ్గర పట్టుకుని, తిప్పి, తెలుపు ముందు అయిదు లెక్కపెట్టే దాకా చూడాలి. నలుపు ముందు ఇంకో అయిదు. పైన కెమెరా ఉంటుంది. తల తిప్పితే, చెయ్యి ఆగితే పైనుంచి ఫోను వస్తుంది. అందుకని ఆ గూటిలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోరు. పలక వైపే చూస్తూ మాస్కు వెనక నుంచి మాట్లాడుకుంటారు. కెమెరాకు కండ్లేగాని చెవులు లెవ్వని నవ్వుకుంటారు. ఎవరి కోడలు ఎలా తిట్టిందో, ఎవరింట్లో ఏం కూరో అన్నీ అలాగే తెలుస్తాయి.

రెండు ట్రేల దాకా మాటలన్నీ పద్మలతవే. ఎండలు ముదిరాయంది. రాత్రి కరెంటు పోయిందంది. డబ్బాలో చింతచిగురు పప్పు తెచ్చానంది. మూడో ట్రే మొదలుపెట్టాక శివమ్మ అడిగింది.

"పద్మా, జనవరిల రెండో కాగితం మీద చుక్క పెట్టినవ్ గద. సూసి పెట్టినవా, సూడకనే పెట్టినవా?"

ఆదివారమంతా శివమ్మ ఈ ప్రశ్నకు జవాబు తానే చెప్పుకుంటూ గడిపింది. సూడలేదక్కా, అన్ని కాగితాలు ఒక్కపారి ముందల పెట్టిండ్రు, జల్దీ జల్దీల పెట్టిన అంటుంది పద్మ. అంతే అయితే ఏముంది. తామందరూ ఎన్నేళ్ళుగానో చేస్తున్న తప్పే అది. గట్టిగా నాలుగు తిట్టి, రేపు నువ్వే ముందు నడువు అని ఆఫీసుకు తీసుకుపోవచ్చు. పొద్దున కార్డు తిప్పి చూసిన తరవాత కూడా శివమ్మ ఆ జవాబు కోసమే ఎదురు చూసింది.

పద్మలత చేతిలోని సీసాను తెలుపు ముందు తిప్పింది. తరవాత నలుపు ముందు తిప్పింది. ట్రేలో పెట్టింది.

"సూసే పెట్టిన," అంది.

ఇంకో సీసా తీసుకుంది. ఇక ఆపకుండా చెప్పుకుంటూ పోయింది. డిసెంబరులో గోపాలరావు పిలిచాడట. కుర్చీ చూపించి కూర్చోమన్నాడట. యంత్రం కొన్న కాగితాలు చూపించాడు. ఇంత మంది పాత సర్వీసును ఒప్పుకుంటే రేపు యంత్రం పెట్టాక ఒక్కరిని తీసేయాలన్నా కష్టమేననీ, ఆ తలనొప్పి పెట్టుకోవడం కంటే చూసే పనిని మొత్తం ఇంకో ఊళ్ళోని కంపెనీకి ఇచ్చేయడం మేలని పైవాళ్ళు అంటున్నారనీ చెప్పాడు. ఉగాది లోపలే అందరినీ పంపించడమా, అందరికీ కొత్త తేదీతో ఒక ఏడాది ఇవ్వడమా, రెండే దార్లు ఉన్నాయన్నాడు. మీరు వాళ్ళకు కావలసిన మనిషి, మీరు చెబితే వింటారు అన్నాడు.

"నేను మీకు ఏడాది తెచ్చినక్కా," అంది పద్మలత. "గది గూడ దొరక్కపోతుండె. ఉగాదికే ఇంట్ల కూసుందురు అందరు."

శివమ్మ చేతిలోని సీసా తెలుపు ముందే ఉండిపోయింది. పద్మలత మాటల్లో కొంత నిజముంది. అదే ఆమెకు కష్టంగా ఉంది. అబద్ధమైతే సులువుగా ఉండేది.

"మమ్మల్ని ఒక్క మాట అడగొద్దానె?"

"అడిగితె మీరు సంతకం పెట్టకపోదురు."

"పెట్టకపోదుము. గది మా ఇష్టం గదనె. పనికి పోయేది మేము, ఇంట్ల కూసునేది మేము. మా తరఫున నువ్వెట్ల ఒప్పుకుంటవ్?"

పద్మలత సీసా తిప్పడంలో తొందర పెరిగింది. శివమ్మ గొంతు పెంచలేదు. పలక వైపే చూస్తూ అడిగింది.

"సారు మైకుల అన్నడు గద, మా మనుషులు అని. అరవై ఒక్కరం జనవరిల పుట్టిన మనుషులం. నువ్వొక్కదానివి పన్నెండుల పుట్టినవ్. నీ కార్డు మీదికి గా తేదీ ఎట్లొచ్చిందే?"

పద్మలత చెయ్యి ఆగింది. ఒకటి, రెండు, మూడు అని శివమ్మ అలవాటు కొద్దీ లోపల లెక్కపెట్టుకుంది. అయిదు దాటింది. పది దాటింది. బల్ల మీది ఫోను మోగింది. పద్మలత తీసి, ఏం లేదు సార్, సీసా జారింది అని చెప్పి పెట్టేసింది. అబద్ధం చెప్పేటప్పుడు ఆమె గొంతు ఇంత మామూలుగా ఉంటుందని శివమ్మకు ఇప్పుడే తెలిసింది.

"ఎవరో ఒకరు లోపల ఉండాలె గదక్కా," అంది పద్మలత. "అందరం బయట పడితె మనకోసం మాట్లాడేటోళ్ళెవరు? నన్ను సూపర్‌వైజర్ చేస్తమన్నరు. నేనుంటె మెల్లగ ఒక్కొక్కలను మల్ల లోపలికి తెస్తా అనుకున్న. నిన్నే ముందుగాల తెద్దును."

"తెద్దువు," అంది శివమ్మ. "నాకు చుక్క పెట్టి తెద్దువు."

పక్క గూట్లో ఎవరో గట్టిగా తుమ్మారు, ఇంకెవరో తిట్టారు, నలుగురు నవ్వారు. వాళ్ళకు ఏమీ తెలియదు. వాళ్ళకు చెప్పవలసింది తానేనని శివమ్మకు తోచింది.

"రేపు పదకొండు గంటలకు మేము లేబర్ ఆఫీసుకు పోతున్నం. కంపెనీ కాగితం కావాలె అన్నరు. కాగితం ఉన్నది."

"ఏం కాగితం?"

"కండ్ల పుస్తకం."

సీసాలు చూసేవాళ్ళకు ఆరు నెలలకొకసారి కంటి పరీక్ష చేస్తారు. మందులు కొనే విదేశాల వాళ్ళు వచ్చి మొదట అడిగేది ఆ రిజిస్టరే. అందుకని కంపెనీ దాన్ని మొదటి రోజు నుంచీ పారేయకుండా దాచింది. ప్రతి పేజీ మీద కంపెనీ ముద్ర, పేరు, నంబరు, తేదీ. మొదటి పన్నెండు సార్లు శివమ్మ పేరు ఎదుట వేలిముద్ర ఉంటుంది, ఆ తరవాత నుంచీ వంకర టింకర సంతకం. ఆరేళ్ళ పాటు వేలు, ఎనిమిదేళ్ళ పాటు కలం అని మొన్నామధ్య పద్మలతే అందరినీ నవ్వించింది. జనవరికి ముందు ఈ మనిషి ఎవరో మాకు తెలియదనే కంపెనీ, పద్నాలుగేళ్ళుగా ఈ మనిషి కళ్ళు పరీక్షించి రాసి పెట్టుకుంది.

పద్మలత మొదటిసారి తల తిప్పి శివమ్మ వైపు చూసింది. ఈసారి ఫోను మోగుతుందన్న భయం కూడా ఆమెకు ఉన్నట్టు లేదు.

"గా పుస్తకం తెరిపిస్తవా? తెరిస్తె ముందుగాల పోయేది ఎవరో ఎరుకేనా అక్కా?"

శివమ్మకు ఎరుకే. రెండేళ్ళుగా ఎరుకే.

రెండేళ్ళ కింద ఎడమ కంటిలో శుక్లం మొదలైంది. దీపం చుట్టూ మంచులా తేలేది. ఆపరేషన్‌కు నెల రోజులు సెలవు పెడితే తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు. కాంట్రాక్టరు పనిలో సెలవంటే అంతే. అప్పుడు పద్మలతే దారి చెప్పింది. కంటి పరీక్ష పలక మీద ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ళ గుర్తు ఏ వరసలో ఎటు తిరిగి ఉంటుందో వారం రోజులు అన్నం తింటూ వల్లె వేయించింది. పైకి, కుడికి, కిందికి, కిందికి, ఎడమకు. ఎడమ కన్నుతో శివమ్మ నాలుగు పరీక్షలు అలాగే నెగ్గింది. గూటిలో ప్రతి సీసానూ పద్మలతే రెండు సార్లు చూసేది. తన చూపొకటి, శివమ్మ చూపొకటి. చూసి షీటు మూలన చుక్క గట్టిగా నొక్కి పెట్టేది, కాగితం మీద సొట్ట పడేలా. కంటికి ఆనకపోయినా శివమ్మ బొటనవేలికి తగలాలని. రెండేళ్ళుగా శివమ్మ చుక్కను వేలితోనే చూస్తోంది.

రెండేళ్ళ పాటు పద్మలత చేసిన ఆ మేలు అబద్ధం కాదు. అందుకే జనవరిలో ఆ కాగితం మూల వేలికి సొట్ట తగలగానే శివమ్మ ఇంకేమీ ఆలోచించలేదు.

"నీకు నేనేం జేసిననో ఎవరికీ సెప్పలే," అంది పద్మలత. "సెప్ప గూడ. గా పుస్తకం జోలికి పోకు. నీ మంచికే సెప్తున్న."

శివమ్మ తన ముందున్న ట్రేను దగ్గరికి లాక్కుంది. పద్మలత ఇంకా చూడని ట్రే అది. రెండేళ్ళలో మొదటిసారి తానే ముందు చూడడం మొదలుపెట్టింది. కుడి కన్ను చికిలించి, సీసాను దీపానికి దగ్గరగా పట్టి, తెలుపు ముందు అయిదుకు బదులు పది, నలుపు ముందు పది. ఇరవై సీసాలు అయ్యాయి. మెడ మీద చెమట పట్టింది. అన్నీ బాగున్నవే అనిపించింది.

పద్మలత చెయ్యి చాపి ఆ ఇరవైలోంచి ఒక సీసా తీసింది. వెతకను కూడా లేదు. నలుపు ముందు పట్టుకుని ఒకసారి తిప్పింది.

"గిది సూడు."

శివమ్మ చూసింది. నలుపు, దాని ముందు వెలుతురు, వెలుతురులో మంచు. అంతే కనిపించింది.

"గాజు పెచ్చు," అంది పద్మలత మెల్లగా. "గింతున్నది. ఎవరి నరంలకో పోతుండె."

ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఎన్నో సార్లు పోట్లాడుకున్నారు. వారాల తరబడి మాటలు మానేశారు. కాని ఒకరి లోటును ఒకరు ఇలా వెలుతురులో పట్టి చూపించుకోలేదు. శివమ్మకు కోపం రాలేదు. ఆ సీసా నిజంగానే పక్కకు పోవలసిన సీసా. తన కన్ను దాన్ని వదిలేసింది. ఆ సిగ్గు ఆమెదే, ఇంకెవరిదీ కాదు.

షిఫ్టు అయ్యేదాకా మిగతా ట్రేలన్నీ పద్మలతే చూసింది. అన్నం గంటలో చింతచిగురు పప్పు డబ్బా తెరవకుండానే తిరిగి సంచిలోకి వెళ్ళింది. సాయంత్రం షీట్లన్నీ దొంతిగా శివమ్మ ముందుకు జరిగాయి. కింది మూలన చుక్కలు. శివమ్మ బొటనవేలు ఒక్కొక్కటిగా తడిమింది. అన్నీ సరిగ్గా, గట్టిగా, ఎప్పటిలాగే ఉన్నాయి.

కలం మూత తీయకుండా దొంతిని వెనక్కి జరిపింది.

"నేను సూడలే. సంతకం పెట్ట."

*

బట్టలు మార్చుకుని బయటికి వచ్చేసరికి నడవాలోని నోటీసు బోర్డు ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. శివమ్మను చూసి పక్కకు జరిగారు. మామూలుగా జరగరు. కొత్త నోటీసు అంటించి ఉంది. శివమ్మ మొహం దగ్గరగా పెట్టి, కుడి కన్నుతో, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివింది.

కొత్త చట్టం ప్రకారం నలభై ఏళ్ళు దాటిన కార్మికులందరికీ కంపెనీ ఖర్చుతో ఏటా ఉచిత వైద్య పరీక్షలు. మొదటి విడత కంటి పరీక్ష. మంగళవారం ఉదయం పదిన్నరకు. బయటి ఆసుపత్రి డాక్టరు, కొత్త పరికరం. పరీక్షలో నెగ్గని వారిని ఆ రోజు నుంచే తనిఖీ పనిలో ఉంచరు. హాజరు కావలసిన వారు అని రాసి, కింద ఒకే ఒక్క పేరు ఉంది. నంబరు నలభై ఒకటి, శివమ్మ.

నలభై దాటినవాళ్ళు లైనులో పాతిక మంది ఉంటారు. పద్మలతకూ నలభై దాటాయి. పదిన్నరకు పరీక్ష అంటే పదకొండు గంటలకు ఆఫీసుకు వెళ్ళేదెప్పుడు? చట్టం మంచికే పెట్టిన పరీక్ష అది. కళ్ళు పోతున్న మనిషికి ముందే తెలియాలని పెట్టింది. దాన్ని తెచ్చి తన ఒక్క పేరు మీద పెట్టారు.

నోటీసు పైన తేదీ చూసింది. అంటించింది ఇవాళే. రాసిన తేదీ మాత్రం శనివారం. శనివారం సాయంత్రం పద్మలత బస్సు ఎక్కలేదు. మీటింగు ఉందంది. మంగళవారం మాటను బస్సులోంచి ఆ సాయంత్రమే ఎవరో ఫోనులో లోపలికి చేరవేసి ఉంటారు.

లైనుకు సంబంధించిన నోటీసు ఏదైనా లైను లీడరు చూశాకే బోర్డు మీదికి వస్తుంది. శివమ్మ కుడి చెయ్యి ఎత్తి, నోటీసు కింది మూల మీద బొటనవేలు ఆనించింది.

సొట్ట ఉంది. చిన్నది, గట్టిది. తన వేలికి తగలాలనే రెండేళ్ళుగా నొక్కి పెట్టిన చుక్క.

ఎవరికీ సెప్పలే అని పొద్దున గూటిలో అన్నప్పటికే ఈ చుక్క పడి రెండు రోజులైంది.

శివమ్మ కాసేపు వేలిని అక్కడే ఉంచింది. తరవాత కొంగుతో తుడుచుకుని బయటికి నడిచింది. ఎండ ఇంకా తగ్గలేదు. గేటు పక్కన బస్సు ఇంజను నడుస్తోంది. లోపల అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఎప్పుడూ ఉండే గోల లేదు. నోటీసు సంగతి అప్పుడే బస్సు దాకా వచ్చినట్టుంది. ముందు సీట్లోంచి ధరణి లేచి, పెద్దమ్మా, పదిన్నరకు నువ్వు లోపలుంటె పొద్దున బస్సులో నువ్వు చెప్పిన కండ్ల పుస్తకం సంగతి రేపు అక్కడ ఎవరు చెప్పాలి, మమ్మల్ని చెప్పమంటావా అని అడిగింది.

చెప్పమంటే చాలు. కూర్చుని కిటికీలోంచి చూస్తూ గౌడవెల్లిలో దిగిపోవచ్చు. రేపు ఆ పుస్తకం తెరుచుకుంటే, కంపెనీ లేచి, ఇందులో దొంగ పరీక్షలు ఉన్నాయి, ఈ పుస్తకం చెల్లదు అంటుంది. అరవై ఒక్క మందికి ఉన్న ఒక్క రుజువు తన కన్ను వల్ల పోతుంది. ఆ మాట కంపెనీ నోటి నుంచి వినే దాకా వీళ్ళను ఇలా నమ్మించి ఉంచడమంటే, చూడని కాగితం మీద చుక్క పెట్టడమే.

శివమ్మ తన సీటు దగ్గరికి వెళ్ళలేదు. డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని అందరి వైపూ తిరిగి నిలబడింది.

"రేపటికంటె ముందుగాల మీకు ఒకటి సెప్పాలె," అంది. "పూర్తిగ ఇనుండ్రి. ఇన్నంక తిట్టుండ్రి."

కమ్మీ వదిలి, అరచేత్తో కుడి కన్ను గట్టిగా మూసుకుంది. బస్సు, సీట్లు, రంగురంగుల చీరలు, అన్నీ కలిసి ఒక్క తెల్లటి మంచైపోయాయి.

"ఇప్పుడు మీల ఒక్కరి మొకం గూడ నాకు కనబడ్తలేదు. రెండేండ్ల సంది గిట్లనే ఉన్నది. రెండేండ్ల సంది పరీక్షల దొంగతనం జేస్తున్న. ఒక్కదాన్నె జెయ్యలే."

వెనక నుంచి ఒక గొంతు ఏదో అడగబోయి ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే బస్సు మెట్టు మీద కాలు పెట్టిన చప్పుడైంది. ఎక్కిన మనిషి రెండో మెట్టు మీదే ఆగింది. సంచిలో నిండుగా ఉన్న టిఫిన్ డబ్బా కమ్మీకి తగిలి ఖంగుమంది.

ఆ డబ్బా ఎవరిదో శివమ్మకు కన్ను తెరిచి చూడనక్కర లేదు. అరచెయ్యి తీయకుండానే, ఆ చప్పుడు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"రా పద్మా," అంది. "మిగిలింది నువ్వు సెప్పు. సూసినదానివి నువ్వే గద."